తీగల కట్టలో గుర్రపు మేకు

నాకు ఊరికే కూర్చోవడం రాదు. చేతిలో ఏదో ఒకటి ఉండాలి. చీపురో, చేటో, ఏదీ దొరక్కపోతే కొంగు చివరో. ఇప్పుడు నేను చెబుతుంటే రాస్తున్న మా మనవరాలు విసుక్కుంటోంది. "నానీ, జర ఒక్క తాన కూసోని చెప్పు. నీ ఎంబడి తిరుక్కుంట రాయాల్నా నేను?" అంటోంది. నేను చదివింది రెండో తరగతి. అంకెలు వస్తాయి, సంతకం వస్తుంది, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను. మిగిలిందంతా చూసి నేర్చుకున్నదే. నా మాటను పుస్తకం మాటగా మార్చే పని మనవరాలిది. తప్పు మాత్రం నాది, అందుకే నేనే చెప్పాలి.

మా ఆయన పోయి ఆరేళ్లు. మా ముస్లింలలో ఇద్దత్ అని ఉంటుంది. మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. తిరిగే కాలు నాది, ఎట్లా ఉండగలను? గోడ సున్నాన్ని గోటితో గీకాను. రాళ్లు లేని బియ్యంలో రాళ్లు ఏరాను. గడువు తీరిన మర్నాడే మా వీధిలో ఒకామె వెంట పోయి కాలేజీలో ఊడ్చే పనికి కుదిరాను. నాకిచ్చింది రసాయనాల బిల్డింగులో రెండో అంతస్తు. ఐదు గదులు, ఒక వరండా. ఆ చివరి గదిలోనే ఈ కథంతా జరిగింది.

ఆ గదిలో ఒక పిల్ల ఉండేది. తొర్రూరు దగ్గర పత్తి పండించే ఇంటి పిల్ల. ముప్పై దగ్గర పడుతోంది, ఇంకా చదువుతూనే ఉంది. పీహెచ్‌డీ అంటారు. నన్ను పెద్దమ్మా అనేది.

"ఇంక ఎన్నేండ్లు సదువుతవ్ బిడ్డా?" అని అడిగాను ఒకసారి.

"గింజ కట్టేదాంక పెద్దమ్మా," అంది.

గింజ కట్టడమంటే ఏమిటో నాకు మొదటి వారమే తెలిసొచ్చింది. గది మూలన చెక్క బల్ల మీద గాజు గిన్నెలు వరుసగా ఉండేవి. పైన వెండి కాగితం మూత, దానికి సూదితో పొడిచిన బెజ్జాలు. కింద దుమ్ము ఉందని ఒక గిన్నె ఎత్తాను. ఆ పిల్ల కుర్చీలోంచి ఎగిరిపడింది.

"పెద్దమ్మా! దించు, దించు! మెల్లగ!"

దించాను. ఆమె వంగి గిన్నెలో మందు కదిలిందేమో చూసింది. కాసేపయ్యాక తనే నవ్వి అడిగింది. "తోడేసిన పాలను కదిలిస్తే ఏమైతది?"

"పెరుగు గట్టిగ పేరుకోదు."

"గిది గంతే. కదిలిస్తే నా గింజ కట్టది."

ఆ రోజు నుంచి ఆ బల్ల చుట్టూ గాలి కూడా పీల్చకుండా ఊడ్చాను. మూడు వారాలకో నెలకో ఆ గిన్నెల్లో నీళ్లలాంటి మందు ఇంకిపోయి, అడుగున నల్లటి సూదులు మిగిలేవి, అవే ఆమె చెప్పే గింజలు. వెలుతురుకు పెడితే పచ్చగా మెరిసేవి. ఒక్కో సూది కనురెప్ప వెంట్రుకంత. అంత చదువు చదివి ఇంతింత సూదులా అనుకున్నాను. ఆ మాట పైకే అన్నాను. నా నోటికి గడియ లేదు.

ఆమెకు కోపం రాలేదు. స్టూలు మీద నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "రెండు తీర్ల పొడి పెద్దమ్మా. ఒకటి ఇచ్చే జాతి, ఒకటి తీసుకునే జాతి. కరిగి ఆరేటప్పుడు ఒకదాని పక్కన ఒకటి వరుసకు కూసుంటయి. ఇచ్చేది జర ఇస్తది, తీసుకునేది జర తీసుకుంటది. గా ఇచ్చిపుచ్చుకునుట్లనే కరెంటు సంగతి ఉంటది. గిప్పుడు పక్కన అయస్కాంతం పెట్టిననుకో, ఆ ఇచ్చుడు పెరగాలె, లేకుంటే తగ్గాలె. అయస్కాంతం చేత్తోటి కరెంటును కదిలియ్యాలె. గదే నా పని."

"ఇనుము లేంది అయస్కాంతం మాట ఎట్ల ఇంటది?"

"గదే కత! ఇనుమున్న రాళ్లల్ల శానమంది చూసిన్రు. నా దాంట్ల ఇనుము లేదు, రాగి లేదు. బొగ్గు జాతి సరుకు. చక్కెరల, కర్పూరంల, నీ ఒంట్ల, నా ఒంట్ల ఉన్నదే."

"అయితే ఏమొస్తది?"

"ఫోన్లు గిట్ల మతికి పెట్టుకునే తీరు మారుతది. కరెంటు తక్కువ తింటయి. బట్ట లెక్క వంగే మెషీన్లు చేయొచ్చు."

"అయ్యేదాంక?"

"అయ్యేదాంక నువ్వు ఊడువు, నేను ఏడుస్త."

గది నడుమ పెద్ద అయస్కాంతం ఉండేది. కరెంటుతో పనిచేసేది. ఎదురెదురుగా రెండు ఇనుప గుండ్లు, మన తిరగలి రాళ్లంత. వాటి సందులో నిలువుగా ఒక స్టీలు గొట్టం. నల్ల సూదికి రెండు పక్కలా వెండి రంగు చుక్క పెట్టి, వెంట్రుక లాంటి తీగలు అంటించి, ఆ గొట్టంలోకి దించేది. పైనుంచి పొగలు కక్కే చల్లటి మందు పోసేది. తీగలు గొట్టం పైనుంచి బయటికి వచ్చి, నల్ల టేపు చుట్టిన కట్టగా గోడ వైపు నుంచి తిరిగి, కంప్యూటరు దగ్గరి పెట్టెలోకి పోయేవి. అయస్కాంతం పెంచితే గుయ్యిమనేది. అప్పుడు తెర మీద గీత పైకి లేవాలి. లేచేది కాదు. ఎన్ని గిన్నెలు, ఎన్ని సూదులు! గీత సాపుగా, చాప పరిచినట్టు పోయేది.

సాపుగా పోయే గీత నాకు తెలుసు. దవాఖానాలో మా ఆయన మంచం పక్కన చూశాను. అందుకే ఆ తెర వైపు ఎక్కువసేపు చూడకుండా ఊడ్చుకుపోయేదాన్ని.

ఆ పిల్లకు చదువు చెప్పే సారు చెడ్డవాడు కాడు. కానీ ఆయన మీదా పైవాళ్లుంటారు కదా. ఒకరోజు నేను వరండా తుడుస్తుంటే తలుపు తీసే ఉంది.

"దసరా దాకా చూద్దామమ్మా," అన్నాడు. "అప్పటికీ ఏమీ రాకపోతే ఈ టేబుల్ ఇంకొకరికి ఇవ్వక తప్పదు. ఐదేళ్లయింది. నేను ఇంక ఎవరికి ఏం చెప్పుకోను?"

ఆయన పోయాక ఆ పిల్ల ఏడవలేదు. గిన్నెలు కడిగింది. కడిగినవే మళ్లీ కడిగింది. ఆ చేతులు చూస్తే, సున్నం గీకిన నా చేతులే కనిపించాయి.

ఇప్పుడు మేకు సంగతి. మా మామ టాంగా తోలేవాడు. రైల్వే స్టేషన్ నుంచి ఖిలా వరంగల్ దాకా, తోరణాలు చూడవచ్చేవాళ్లను ఎక్కించుకుపోయేవాడు. నేను కోడలిగా వచ్చేసరికే గుర్రం ముసలిదైపోయింది. ఆ తర్వాత మా ఆయన ఆటో నడిపాడు. గుర్రం పోయినా దాని మేకులు మా ఇంట్లో రేకు డబ్బాలో మిగిలాయి. నాడాలోంచి, అంటే గుర్రం లాడంలోంచి, ఊడిన మేకు ఇంట్లో ఉంటే నజర్ తగలదని, దిష్టి పడదని మా అత్త నమ్మకం. కొత్త మేకు పనికిరాదు. గుర్రం కాలి కింద నడిచి, అరిగి, ఊడిందే కావాలి. పిల్లల మెత్త కింద, గల్లాపెట్టె కింద, ఆటో సీటు కింద అదే ఉండేది. హిందువుల ఇళ్లవాళ్లు కూడా వచ్చి అడిగి తీసుకుపోయేవాళ్లు.

మా ఆయనను దవాఖానాలో వేసినప్పుడు బనీను అంచులో ఒకటి పెట్టి కుట్టాను. మూడో రోజు తల స్కాను తీయాలన్నారు. నర్సమ్మ ఒళ్లంతా తడిమి పట్టేసింది.

"ఏందమ్మా ఇది? లోపల ఉన్నది అయస్కాంతం. మేకు ఎగిరి మనిషిల దిగుతది. తియ్యి."

"తీయొద్దమ్మా, నీ కాళ్లు మొక్కుత," అన్నాను. పళ్లతో కొరికి దారం తెంపాల్సి వచ్చింది, అక్కడ కత్తెర లేదు. నేనే తెంపాను. రెండు రోజులకు ఆయన పోయాడు. రక్తం గడ్డ కట్టి పోయాడని డాక్టరు చెప్పాడు. నేను తలాడించాను. లోపల మాత్రం నా పళ్లే తెంపాయని అనుకున్నాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మనవరాలు కూడా ఇప్పుడే వింటోంది.

సారు అట్లా అన్న మర్నాడు డబ్బాలోంచి ఒక మేకు తీశాను. నల్ల దారం చుట్టాను, దువా చదివి ఊదాను. గది తెరిచే తాళం నా దగ్గరే ఉంటుంది, పొద్దున్నే అందరికంటే ముందు పోతాను. ఎక్కడ కట్టాలి? గిన్నెల దగ్గర కట్టరాదు, కదులుతాయి. ఆ పిల్ల ప్రాణమంతా ఆ తీగల్లో పోతుంది కదా అని, గొట్టం నుంచి బయటికి వచ్చిన చోట, గోడ వైపు, తీగల కట్టకు కట్టాను. నల్ల టేపు మీద నల్ల దారం. నేనే వెతుక్కోవాలి. దవాఖానాలో ఆ నర్సమ్మ అన్న మాట గుర్తుకు రాలేదా అంటే, వచ్చింది. ఇక్కడ మనిషి లేడు కదా, ఎవరిలో దిగుతుంది అనుకున్నాను. అదీ నా తెలివి.

మూడు రోజులకు ఆ పిల్ల మెట్ల దాకా పరుగెత్తుకొచ్చింది. బకెట్టు చేతిలో ఉండగానే నన్ను పట్టుకుంది.

"పెద్దమ్మా, వచ్చింది! గీత లేసింది! అయస్కాంతం పెంచితే లేస్తాంది, తగ్గిస్తే దిగుతాంది! చెప్పిన మాట ఇనే పిల్ల లెక్క!"

నీళ్లు ఇద్దరి మీదా పడ్డాయి. ఆమె మిర్చి బజ్జీలు తెప్పించింది. నేను బజ్జీ తింటూ గోడ వైపు చూశాను. నాకు గర్వం వచ్చింది, అబద్ధం ఎందుకు? మా ముసలి గుర్రానికి సలాం చేసుకున్నాను. ఊరెళ్లిన సారు సోమవారం వచ్చి చూస్తాడు. చూశాక ఈ సంగతి పెద్ద పత్రికకు రాసి పంపుతారు. ఆ పిల్ల టేబుల్ ఆమెకే ఉంటుంది.

శనివారం మధ్యాహ్నం ఆమె తెర ముందు కూర్చుని అయస్కాంతం పెంచుతోంది. నేను గోడ సందులో బూజు తీస్తున్నాను. గుయ్యిమని మోత లేచింది. నా కళ్ల ముందే తీగల కట్ట ఉలిక్కిపడింది. కొంచెమే. నిద్రలో పిల్ల కాలు కదిపినంత. మేకు కొన గుండు వైపు తిరిగి ఆగింది. అవతల ఆ పిల్ల "లే, లే, లే బిడ్డా," అని గీతను బతిమాలుతోంది. మోత తగ్గింది. కట్ట వెనక్కి పడింది.

"దిగింది! మల్ల దిగింది సూడు పెద్దమ్మా!"

నేను చూడలేదు. నాకు తెర అక్కరలేదు. అయస్కాంతం లాగింది మేకును. మేకు లాగింది తీగను. తీగ కదిలితే గీత కదిలింది. నల్ల సూది ఏమీ చేయలేదు. దీనికి చదువెందుకు?

ఆదివారం నా కాళ్లు ఇంట్లో నిలవలేదు. బట్టలు ఉతికాను, ఆరకముందే తీసి మళ్లీ ఉతికాను. మా కూతురు "ఏమైందే అమ్మీ నీకు, చీమలు ఎక్కినయా?" అంది. ఖిలా దాకా నడిచిపోయాను. టూరిస్టులు తోరణం కింద ఫొటోలు దిగుతున్నారు. నేను మట్టి కోట వెంట ఆ చివరి నుంచి ఈ చివరికి, ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాను. చెప్పకుండా పొద్దున్నే పోయి విప్పేస్తే? గీత పడుకుంటుంది. సారు ముందు ఆ పిల్ల నోరు తెరుచుకుని నిలబడుతుంది, ఎందుకు పడుకుందో చచ్చేదాకా వెతుకుతుంది. విప్పకపోతే? అబద్ధం పత్రికకెక్కుతుంది. ఇంకెక్కడో ఇంకొకరు అదే సూది చేసి చూస్తారు, గీత లేవదు. అప్పుడు ఈ పిల్ల ముఖం ఎక్కడ పెట్టుకుంటుంది? చెబితే నా పని పోతుంది. పని పోతే మళ్లీ ఇంట్లో, గోడల మధ్య.

సోమవారం అందరికంటే ముందు పోయాను. విప్పేద్దామనే పోయాను, దాచను. కట్ట దగ్గర కూర్చుని ముడి పట్టుకున్నాను. ముడి రాలేదు. పళ్లతో కొరకాలని వంగాను. దారం నోటికి తగిలిందో లేదో, దవాఖానా బనీను వాసన వచ్చింది. అట్లాగే ఉండిపోయాను. తలుపు చప్పుడైంది.

"గాడ ఏం జేస్తానవ్ పెద్దమ్మా?"

దారం నోట్లోంచి తీశాను. "ఇటు రా బిడ్డా. నేనొక పాపం జేసిన."

చెప్పాను. మేకు చూపించాను. ఆమె ముందు నవ్వింది, నేను పరాచికాలాడుతున్నాననుకుంది. తర్వాత కత్తెర తెచ్చి దారం కత్తిరించింది. గొట్టంలో చల్లటి మందు పోసింది. అయస్కాంతం పెంచింది. గీత సాపుగా పోయింది. తగ్గించింది, పెంచింది. సాపే.

అప్పుడు నా వైపు తిరిగింది. "ఎవలడిగిన్రు నిన్ను? ఆ? ఎవలు కట్టుమన్నరు? ఐదేండ్లు పెద్దమ్మా! మా నాయినకు ఫోన్ చేసి చెప్పిన. ఊరంత చెప్పుకున్నడాయన!"

"నీ మంచికనే..."

"నా మంచి నాకు తెల్వదా? పో. జర నా కండ్ల ముంగట ఉండకు."

వరండాలోకి వచ్చి నిలబడ్డాను. చేతిలో ఏమీ లేదు. చీపురు లోపలే ఉండిపోయింది. అంతలో సారు మెట్లెక్కి వచ్చాడు, నవ్వు ముఖంతో. లోపలికి పోయాడు. నేనూ తలుపు దాకా పోయాను. ఆ పిల్ల నా పేరు తీస్తుందో, ఇంకేదైనా చెబుతుందో, ఏదైనా సరే అక్కడే వినాలనుకున్నాను.

"గీత లేసుడు ఉత్తదే సార్," అంది. "తీగలకు ఇనుప మేకు ఉండె. అదే కదిలింది."

"మేకు ఎట్లా వచ్చింది?"

ఆమె నేల చూసింది. నేను లోపలికి అడుగు పెట్టాను.

"నేనే కట్టిన సారూ. నజర్ తగలకుంట."

ఆయన నా దగ్గరికి వచ్చాడు. చేయి చాపితే బల్ల మీది మేకు తీసి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పాడు.

"ఇది మామూలు మేకు కాదే. దేనిదమ్మా?"

"గుర్రం నాడాది సారూ. మా మామది."

"సరే, ఈమె మేకు కట్టింది," అని ఆ పిల్ల వైపు తిరిగాడు. "నువ్వేం చేశావు? సూది తీసేసి, దాని చోట ఉత్త అభ్రకం ముక్క పెట్టి చూశావా? అప్పుడూ గీత లేచేది కదా, లేపింది సూది కాదని తేలేది. మూడో తరగతి పిల్లవాడికి కూడా తోచే పని. బజ్జీలు తినడానికి తీరిక దొరికింది."

ఆమె ముఖం మాడిపోయింది. నాకు ఆయన మీద కోపం వచ్చింది, తిట్టాల్సింది నన్ను కదా. "సారూ, నన్ను తీసెయ్యిండ్రి. పిల్లను తీయకుండ్రి," అన్నాను.

"ఎవర్నీ తీయను," అన్నాడు. "ఈమె చెప్పకపోతే మన ముగ్గురి పరువూ పత్రికలో పడేది. దసరా అన్నాను కదా, దసరా దాకా ఉంది. చెయ్యి."

నెల రోజులు ఆ పిల్ల నాతో మాట్లాడలేదు. పెద్దమ్మా అనడం మానేసి "జరుగు" అనేది. తలుపు దగ్గర ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టింది. గదిలోకి పోయేవాళ్లెవరైనా సరే, ఇనుము అందులో వేసే పోవాలి. తాళంచెవులు, పిన్నులు, సారు పెన్ను క్లిప్పు కూడా. నేను చీర పిన్నీసులు తీసి అందులో వేసి, కొంగు నడుముకు దోపుకుని ఊడ్చేదాన్ని. అందరి పిన్నీసుల కింద, డబ్బా అడుగున, మా మేకు. దాన్ని నేను ఇంటికి తెచ్చుకోలేదు. అడిగితే ఇచ్చేదే. అడగలేదు.

దసరాకు ఇంకా పది రోజులున్నాయి. ఒకరోజు నేను వరండాలో ఉంటే లోపలి నుంచి పిలుపు.

"పెద్దమ్మా. ఓ పెద్దమ్మా. జర ఇటు రా."

పిన్నీసులు డబ్బాలో వేసి పోయాను. కొత్త గిన్నెలో కట్టిన సూది, పాతవాటి కంటే పొడుగు, గొట్టంలోకి దించింది.

"గోడ దిక్కు పోయి కూసో. నేను అయస్కాంతం పెంచుత. తీగల కట్ట కదులుతాందా సూడు. నీ కన్ను మంచిగ పట్టుకుంటది."

కూర్చున్నాను. నా జన్మలో అంత కదలకుండా ఎప్పుడూ కూర్చోలేదు. మోత లేచింది. కట్ట మీద నుంచి కన్ను తీయలేదు. అది చచ్చిన పాములా పడి ఉంది.

"కదిలిందా?"

"లేదు బిడ్డా."

"నిజంగ?"

"అల్లా మీద ఒట్టు. ఈగ గూడ వాలలే."

లేచి వెళ్లి చూశాను. తెర మీద గీత కొంచెం వంగి ఉంది. వెనకటిలా ఎగరలేదు. బరువు మోసే కావడి బద్ద వంగినంత. ఆ పిల్ల ఎగరలేదు, నన్ను పట్టుకోలేదు, నాయినకు ఫోను చేయలేదు. పుస్తకంలో రాసుకుంది. మోత ఆపి, గొట్టం పైకి తీసి, సూదిని విప్పి, దాని చోట అభ్రకం ముక్క అంటించింది. దానికి గంట పట్టింది. ఆ గంటసేపు నేను వరండా మూడుసార్లు తుడిచాను.

"రా పెద్దమ్మా. మల్ల కూసో."

కూర్చున్నాను. మోత లేచింది. కట్ట కదలలేదు. ఈసారి అడగకముందే చెప్పాను.

"నా గీత గూడ కదల్లే," అంది ఆమె. "సాపుగుంది."

సాపుగా ఉన్నందుకు ఆమె నవ్వడం మొదటిసారి చూశాను. సూది ఉంటే వంగింది, సూది తీస్తే సాపు. అంటే ఆ వంపు సూదిదే. నాకు అర్థమైందో లేదో అని రెండుసార్లు చెప్పింది. అర్థమైంది. మా ఆయన సంగతి కూడా అట్లా ఒకసారి మేకు ఉంచి, ఒకసారి తీసి చూడగలిగితే బాగుండేది. చూడలేము. నా పళ్లే తెంపాయని ఇన్నాళ్లూ గట్టిగా అనుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను.

"సారుకు చెప్పవా?" అన్నాను.

"రేపు మల్ల సూది పెడ్త. ఎల్లుండి ఇంకో సూది. అటెన్క చెప్త." గొట్టం దించుతూ నా వైపు చూసింది. "నువ్వు పొద్దుగాల్ల రావాలె. గోడ దిక్కు నువ్వే కూసోవాలె. కదలకుంట కూసుంటవా?"

"కూసుంట తీయ్," అన్నాను.